డాక్టరంటే సూది వేసే డాక్టరనుకున్నాను

మా వాడికి అప్పుడు నాలుగేళ్లు. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌లో దిగి రెండు వారాలు కూడా కాలేదు, ఒళ్లు కాలిపోయే జ్వరం. 1998 జనవరి అది. మావారు ఆ పూట తోటల్లో ఉన్నారు, చేతిలో ఫోన్ల కాలం కాదు, నాకా ఊరు కొత్త. ఇంటి ఓనరమ్మే వచ్చి పిల్లాడి నుదురు పట్టుకు చూసి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని "పద" అంది. ఎర్ర చార ఉన్న మాక్సీ టాక్సీ ఒకటి ఆపింది. మాక్సీ అంటే ఏం లేదు, మన షేర్ ఆటో లాంటిదే, కాకపోతే వ్యాను. అది ఎక్కి మౌంట్ హోప్‌లో పెద్దాసుపత్రి దగ్గర దిగాం.

గేటు మీద ఎరిక్ విలియమ్స్ మెడికల్ సైన్సెస్ కాంప్లెక్స్ అని రాసుంది. మామూలు జ్వరమే అని మందు రాసిచ్చారు, సాయంత్రానికి తగ్గింది కూడా. టెన్షన్ దిగాక తిరుగుదారిలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఈ ఎరిక్ విలియమ్స్ గారు చాలా పేరున్న డాక్టరా ఆంటీ? ఏ జబ్బులు చూసేవారు?" అని అడిగాను. మాక్సీలో ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "డాక్టరే. కానీ సూది వేసే డాక్టరు కాదమ్మాయ్, చరిత్ర డాక్టరు. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ప్రధానమంత్రి ఆయనే."

నేను ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే. అనకాపల్లిలో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకి అదే పాఠం చెప్పి మరీ వచ్చాను. ఆ సంగతి మాక్సీలో ఎవరికీ చెప్పలేదు.

మావారిది కోకో మొక్కల మీద పని. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల్లో అంతరపంటగా వేస్తారే, ఆ కోకోయే. ప్రపంచంలోని కోకో రకాలెన్నో పోగేసి పెంచే పెద్ద తోట ఒకటి ట్రినిడాడ్‌లో ఉంది, వెస్టిండీస్ యూనివర్సిటీ వాళ్లు చూసుకుంటారు. రెండేళ్ల కాంట్రాక్టు. నాకు అక్కడ ఉద్యోగం చేసే వీసా లేదు. పొద్దున తొమ్మిదికి ఆయన వెళ్లిపోతే, పిల్లాణ్ణి ప్లే స్కూల్లో దింపేస్తే, ఇంక మేముండే సెయింట్ అగస్టీన్‌లో నేనూ, పెరట్లో మామిడిచెట్టూ, ఓనరమ్మా, గోడవతల పక్కింటి ముసలావిడా.

ఓనరమ్మని అందరూ టాంటీ అనేవారు, పిన్నీ అత్తా అన్నట్టు. ఆఫ్రికా మూలాల మనిషి, యాభై ఏళ్లుంటాయి, నర్సరీ స్కూల్ టీచరు చేసి మానేసింది. పక్కింటావిడ భారతీయ మూలాల మనిషి, డెబ్బైకి దగ్గర, ఆవిడ నానీ. మా వైపు నాని అంటే ముద్దుగా పిలుచుకునే మగపిల్లాడు, అక్కడ అమ్మమ్మ. మొదట్లో పిలవడానికి నోరు తిరిగేది కాదు. ఇద్దరికీ మధ్య నడుమెత్తు గోడ. ఇటు నుంచి బ్రెడ్‌ఫ్రూట్ కాయలు అటు వెళ్లేవి, అటు నుంచి పెనం మీద కాల్చి గుడ్డముక్కల్లా చించిన పరాటాలు ఇటొచ్చేవి. వాళ్లు దాన్ని బస్సప్ షట్ అంటారు, చిరిగిన చొక్కా అని అర్థం. పేరు వినగానే నవ్వొచ్చింది, తిన్నాక నవ్వు ఆగిపోయింది, అంత బాగుంది. జీలకర్రని గీరా అంటారు, పొయ్యిని చూలా అంటారు, ఒక్కరికీ హిందీ రాదు.

ఇద్దరూ అన్నీ మాట్లాడుకునేవారు. ఒక్క ఎరిక్ విలియమ్స్ సంగతి తప్ప. రేడియోలో ఆయన పేరొస్తే టాంటీ సౌండ్ పెంచేది, గోడవతల కిటికీ రెక్క చప్పుడయ్యేది. చాలా రోజులు అది గాలికేమో అనుకున్నాను.

టాంటీ హాల్లో ఒక చిన్న అల్మరా ఉండేది. బైబిలు, కుట్టుపని పుస్తకాలు, వాటి పక్కన అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం. 1962లో విలియమ్స్ రాసిన ట్రినిడాడ్ టొబాగో ప్రజల చరిత్ర. స్వాతంత్ర్యం వచ్చేనాటికి జనం చేతుల్లో తమ చరిత్ర ఉండాలని ఆయన గబగబా రాసింది. ప్రభుత్వం నడుపుతూ పుస్తకం రాయడమేంటి అనిపించింది నాకు. టాంటీ వాళ్ల నాన్న రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవులో మూటలు మోసేవాడట. పెద్దగా చదువుకోలేదు, కానీ ఆ పుస్తకం కొన్నాడు. ఎవరైనా చదివిపెడితే వినేవాడట.

అది చదివాక ఊరుకోలేక, మావారి కార్డు మీద యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఆయన మొదటి పెద్ద పుస్తకం తెచ్చుకున్నాను. క్యాపిటలిజం అండ్ స్లేవరీ, 1944. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ ఇంట్లో వంట సరిగ్గా జరగలేదు.

ఎందుకంటే ఆరేళ్లపాటు నేను పిల్లలకి చెప్పిన పాఠం ఇది: బ్రిటన్‌లో విల్బర్‌ఫోర్స్ అనే ధర్మాత్ముడు ఉండేవాడు, ఆయనా ఆయన మిత్రులూ పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడారు, 1807లో బానిస వ్యాపారం, 1833లో బానిసత్వం రద్దయ్యాయి. అయిదు మార్కుల ప్రశ్న. ఈయన ఏమంటాడంటే, మంచివాళ్లు ఉన్నారు, కాదనను, కానీ లెక్కల పుస్తకం తెరవండి అంటాడు. లివర్‌పూల్ నుంచి సరుకుతో ఓడ ఆఫ్రికా వెళ్లడం, అక్కడ ఆ సరుకుకి మనుషుల్ని కొని కరీబియన్ దీవుల్లో అమ్మడం, అక్కణ్ణుంచి పంచదార నింపుకుని ఇంటికి రావడం, మూడు మజిలీల్లోనూ లాభం. ఆ లాభం బ్యాంకుల్లోకి, ఇన్సూరెన్సులోకి, ఆవిరి యంత్రాల్లోకి ఎలా పారిందో పేర్లతో సహా చూపిస్తాడు. చివరికి ఆ దీవుల పంచదార గిట్టుబాటు కాకపోయాకే దయ పుట్టుకొచ్చింది అంటాడు. రద్దు చేసినప్పుడు నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు, బానిసలకి కాదు, యజమానులకి. దానికోసం చేసిన అప్పు బ్రిటన్ 2015లో గానీ పూర్తిగా తీర్చలేదని ఈ మధ్య చదివినప్పుడు టాంటీ గుర్తొచ్చింది.

ఇంకో మాట కూడా ఉంది అందులో. రంగు ద్వేషం వల్ల బానిసత్వం రాలేదు, బానిసత్వం వల్లే రంగు ద్వేషం వచ్చింది అని. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గర కూడా ఏది ముందు ఏది వెనక అని ఆలోచించాల్సినవి బోలెడున్నాయి, అవి ఇప్పుడెందుకులెండి.

తర్వాతి చరిత్రకారులు చాలామంది ఆయనతో పేచీ పడ్డారు. 1807 నాటికి ఆ దీవులు దివాలా తీయలేదు, లాభాల్లోనే ఉన్నాయి, అయినా రద్దు చేశారు అని లెక్కలు తీసి చూపించారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అంతకుముందు ఆ ప్రశ్న ఆ గొంతుతో అడిగినవాళ్లు అరుదు, ఆయన అడిగాకే వీళ్లందరూ లెక్కలు తీశారు, నాకది చాలు.

నాకైతే ఇంకో కారణం కూడా ఉంది. మాది అనకాపల్లి. మా నాన్న బెల్లం మండీలో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. గానుగ, పెనం, పాకం పొంగుతుంటే వచ్చే ఆ వాసన, పిప్పి మంట, దిమ్మలు పేర్చిన షెడ్లు, వాటి మీద ఈగలు, నా చిన్నతనమంతా అదే. తీపికి వెనకాల ఇంత చరిత్ర ఉంటుందని ఎమ్మేలో ఎవ్వరూ చెప్పలేదు. ట్రినిడాడ్‌లో అప్పటికింకా చెరకు వేసేవారు, చెరకు పండించే ప్రభుత్వ కంపెనీ 2003లో మూతపడింది. కోతకి ముందు చెరకుతోటలకి నిప్పు పెట్టేవారు, ఆకు కాలిపోతే నరకడం తేలికని. ఆ నల్లటి మసి గాలికి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. దులిపితే అంటుకుపోతుంది, ఊది వదిలెయ్యాలి, అది నానీ నేర్పింది.

ఎరిక్ విలియమ్స్ పుట్టింది 1911లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. తండ్రి పోస్టాఫీసులో చిన్న గుమాస్తా, పన్నెండుమంది పిల్లలు, ఈయన అందరికన్నా పెద్ద. ఈ గుమాస్తా ముక్క దగ్గరే ఆయన నాకు సగం చుట్టమైపోయాడు. క్వీన్స్ రాయల్ కాలేజీలో చదివి, దీవి మొత్తానికి అతి కొద్దిమందికి దక్కే స్కాలర్‌షిప్ కొట్టి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. చరిత్రలో ఫస్ట్ క్లాస్, 1938లో డాక్టరేటు. ఆ థీసిస్సే తర్వాత క్యాపిటలిజం అండ్ స్లేవరీ అనే పుస్తకమైంది. లండన్‌లో ఒక పబ్లిషర్ దాన్ని ముట్టనన్నాడు, దయతో కాక డబ్బు లెక్కతో రద్దు చేశారనడం బ్రిటిష్ సంప్రదాయానికే విరుద్ధం అన్నాడట. అమెరికాలో ఒక యూనివర్సిటీ ప్రెస్ వేసింది. బ్రిటన్‌లో అచ్చవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, 1964 దాకా. 2022లో పెంగ్విన్ మళ్లీ వేస్తే అక్కడే బెస్ట్ సెల్లరయింది. అప్పుడు ఎంత నవ్వుకున్నానో.

1939 నుంచి వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. తర్వాత కరీబియన్ కమిషన్ అని, వలస ప్రభుత్వాలు నడిపే ఒక సంస్థలో ఉద్యోగం. అక్కడ వాళ్లకీ ఈయనకీ పడలేదు, 1955లో కాంట్రాక్టు పొడిగించలేదు. నలభై మూడేళ్లకి ఉద్యోగం ఊడిన ప్రొఫెసరు ఏం చేస్తాడు? మన దగ్గరైతే ట్యుటోరియల్ పెడతాడు. ఈయనా ఒకరకంగా అదే చేశాడు, కాకపోతే ఊరి నడిబొడ్డున పార్కులో, ఫీజు లేకుండా.

ఆ పార్కు పేరు వుడ్‌ఫర్డ్ స్క్వేర్. టాంటీ నన్నొక శనివారం తీసుకెళ్లింది. ఎదురుగా రెడ్ హౌస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఎర్ర రంగు భవనం. లోపల పెద్ద పెద్ద చెట్లు, పోత ఇనుముతో చేసిన ఫౌంటెను, బెంచీలు. ఒక మూల నల్లబల్ల ఉంది. దాని మీద సుద్దతో ఆ రోజు వాదించుకోవలసిన విషయం రాసి ఉంది, దాని ముందు ఓ పదిహేనుమంది ముసలాళ్లు నిలబడి చేతులు తిప్పుతూ అరుచుకుంటున్నారు. కొట్టుకుంటారేమో అని నేను వెనక్కి తగ్గాను. "ఏం కాదు, ఇదే యూనివర్సిటీ" అంది టాంటీ. విలియమ్స్ పెట్టిన పేరే అది, యూనివర్సిటీ ఆఫ్ వుడ్‌ఫర్డ్ స్క్వేర్.

1955 జూన్ 21 రాత్రి ఇక్కడే నిలబడి, కమిషన్‌తో తన గొడవంతా జనానికి చెప్పి, నేనెక్కడికీ పోవడం లేదు, నా బకెట్టు ఇక్కడే మీ మధ్యే దించుతున్నాను అన్నాడు. మా ఊళ్లో అయితే బకెట్టు అనరు, చేద అంటారు. నూతిలోకి చేద వదిలినప్పుడు గిలక చేసే చప్పుడు విన్నవాళ్లకి ఆ మాట ఇంకో రకంగా తగులుతుంది. టాంటీకి అప్పటికి ఏడేళ్లు. నాన్న భుజాల మీద కూర్చుని విందట. విందంటే, పడుకుందట. "ఏం గుర్తుంది టాంటీ?" అంటే, "వేరుశనక్కాయలమ్మేవాడి కేక, నాన్న నెత్తిన నూనె వాసన. ఇంకేం గుర్తులేదు. మిగతాదంతా తర్వాత ఎవరో చెప్పింది నాకు గుర్తున్నట్టు చెప్తుంటాను" అంది. ఇంత నిజాయితీగా చెప్పే సాక్షిని నేను ఆ తర్వాత చూడలేదు.

ఆ పార్కులో ఆయన చెప్పినవి మామూలు ఎన్నికల ఉపన్యాసాలు కావు. రాజ్యాంగం అంటే ఏంటి, చెరకు ఎలా వచ్చింది, బానిసల లెక్కలేంటి. రాత్రిళ్లు, రేవు కూలీలు, టైపిస్టులు, టాక్సీ డ్రైవర్లు నిలబడి వినేవారు. 1956 జనవరిలో పార్టీ పెట్టాడు, పీపుల్స్ నేషనల్ మూవ్‌మెంట్ అని, తొమ్మిది నెలలు తిరక్కుండా సెప్టెంబరులో ఎన్నికలు, 24 సీట్లలో 13. ఆ పార్టీ మొదటి ఛైర్మన్ ఎవరో తెలుసా, క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్. మా ఇంటి పక్క ట్యునపూనా నుంచే గెలిచి మంత్రయ్యాడు. మావారికి ఈ ముక్క చెప్తే కోకో చెట్ల కన్నా ఎక్కువ ఆసక్తి చూపించారు.

తర్వాత బ్రిటిష్‌వాళ్ల కింద ఉన్న వెస్టిండీస్ దీవులు చాలావాటిని కలిపి 1958లో ఒక ఫెడరేషన్ చేశారు. 1961లో జమైకా ప్రజలు ఓటు వేసి మేం ఉండం అని వెళ్లిపోయారు. మొత్తం పది సభ్య ప్రాంతాలు. పదిలోంచి ఒకటి పోతే తొమ్మిది కదా? విలియమ్స్ అన్నాడు, పదిలోంచి ఒకటి తీసేస్తే సున్నా అని. ట్రినిడాడ్ కూడా బయటికొచ్చేసింది. రాష్ట్రాలు కలవడం, విడిపోవడం అనేవి మనకి తెలియని సంగతులు కావు, అందుకే ఆ లెక్క నాకు ఇప్పటికీ ఠక్కున గుర్తొస్తుంది.

1962 ఆగస్టు 31 అర్ధరాత్రి రెడ్ హౌస్ ముందు బ్రిటిష్ జెండా దిగి, ఎరుపు నలుపు తెలుపు జెండా ఎగిరింది. అంతకుముందు రోజు క్వీన్స్ పార్క్ ఓవల్‌లో బడిపిల్లలందరినీ పోగేశారు. ఓవల్ అంటే మనకి గవాస్కర్, 1976లో నాలుగు వందల పైన ఛేజింగ్. వాళ్లకి మాత్రం అది ఆ రోజు. పిల్లలతో విలియమ్స్ అన్న మాట ఆ దేశంలో పసివాడికి కూడా తెలుసు: దేశ భవిష్యత్తు మీ స్కూలు బ్యాగుల్లో ఉంది అని. టాంటీకి అప్పుడు పద్నాలుగు, ఆ ఎండలో ఆ వరసల్లో ఆవిడా ఉంది.

"ఒళ్లు పులకరించిపోయి ఉంటుంది కదా" అన్నాను, టీచరు బుద్ధి పోనిచ్చుకోలేక.

"లేదు. నాకు బ్యాగు లేదు. నాన్న గోనెపురికొసతో పుస్తకాలు కట్టిచ్చేవాడు. ఆయన అది నాకు కాదు, వేరే పిల్లలకి చెప్తున్నాడనుకున్నాను."

తర్వాత ఆవిడ టీచరయ్యింది, ప్రభుత్వ ఖర్చుతో సెకండరీ చదువుకుంది, అది ఆయన పెట్టిందే. ఆ సంగతి ఆవిడే చెప్పింది, కానీ ఈ పురికొస మాట చెప్పాక చెప్పింది.

ఇక నానీ వైపు కథ. అది నాకు అంత తేలిగ్గా దొరకలేదు, పైగా నా నోటి దురుసు వల్ల ఆలస్యమైంది. ఒకరోజు గోడ దగ్గర మాటల్లో, మీ ముందుతరంవాళ్లు ఇక్కడికి కూలీలుగా వచ్చినప్పుడు అన్నాను. మనకి కూలీ అనేది రోజూ వాడే మాట. ఆవిడ మొహం మాడిపోయింది. చేతిలో మామిడికాయలు గోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. టాంటీ తల పట్టుకుంది. అక్కడ ఆ మాట తిట్టట, బళ్లో పిల్లలు ఆ మాట అన్నందుకు తలలు పగిలేవట. మర్నాడు పులిహోర చేసి పట్టుకెళ్లి, మా భాషలో అది తిట్టు కాదు, మా నాన్న కూడా కూలికి పనిచేసేవాడేనని బతిమాలుకుంటే గానీ తలుపు తియ్యలేదు.

పులిహోర తింటూ చెప్పింది. 1845 మే 30న మొదటి ఓడ, ఫాటెల్ రజాక్, రెండు వందల చిల్లర మందిని కలకత్తా నుంచి తెచ్చి దింపింది. 1917 దాకా వస్తూనే ఉన్నారు, మొత్తం 1,44,000 మంది దాకా. బానిసలు విడుదలయ్యాక చెరకు నరకడానికి మనుషులు కావాలి కదా. అయిదేళ్ల ఒప్పందం, తోట దాటాలంటే చీటీ ఉండాలి, పనికి రాకపోతే జైలు. ఎక్కువమంది బీహారు, అవధ్ వైపువాళ్లు, కొన్ని ఓడలు మద్రాసు నుంచి కూడా వచ్చాయి. వాటిల్లో తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు. నానీ తల్లి వైపు ముత్తవ్వ మద్రాసు ఓడలో వచ్చినావిడేనట. ఆవిడ పాడే జోలపాట అని ఒక ముక్క పాడింది నా కోసం. రెండుసార్లు పాడించుకున్నాను. అది తమిళమో తెలుగో, నాలుగు తరాల నోళ్లలో పడి అరిగిపోయి, నాకు అర్థం కాలేదు. "నీకూ తెలీలేదా" అంది. ఆ ఆశగా చూసిన చూపు ఇప్పటికీ బాధపెడుతుంది. అప్పుడు ఏ టేప్‌రికార్డరులోనో పట్టుకోవలసింది, బుద్ధి లేకపోయింది.

విలియమ్స్ మీద ఆవిడ కోపం 1958 నాటిది. ఫెడరేషన్ ఎన్నికల్లో ట్రినిడాడ్‌లో ఆయన పార్టీ దెబ్బతింది. భారతీయులు ఎక్కువగా అవతలి పార్టీకి వేశారు. అదే వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో, ఆ చెట్ల కిందే, ఆయన వాళ్లని మొండికేసే, శత్రుభావం ఉన్న మైనారిటీ అన్నాడు. "మా ఆయన పేపరు తెచ్చి చదివాడు. మాకు ఆ పెద్ద ఇంగ్లీషు మాట అర్థం కాలేదు, బడిపంతులు దగ్గరికి వెళ్లి అడిగాం. అర్థం తెలిశాక ఆ రోజు అన్నం వండలేదు" అంది నానీ. నాకు తల తిరిగింది. రంగు ద్వేషం ఎక్కణ్ణుంచి పుట్టిందో ప్రపంచానికి చెప్పిన మనిషి కదా, తెల్లవాళ్లు రాసిన చరిత్రని అంత చీల్చి చెండాడినవాడు కదా, ఓడిపోయిన కోపంలో ఆయన నోటి వెంటా అదే వచ్చింది. చరిత్ర చదివినంత మాత్రాన నోరు అదుపులో ఉంటుందని లేదు, నా కూలీ మాటే చూడండి.

మరి నాలుగేళ్ల తర్వాత రాసిన ఆ ప్రజల చరిత్ర పుస్తకంలో ఇంకో మాట ఉంది. భారతదేశం నుంచి వచ్చినవాళ్లకి భారతమాత ఉండకూడదు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకి ఆఫ్రికా తల్లి, ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లండు తల్లి ఉండకూడదు, మనిషికి లాగే దేశానికీ తల్లి ఒక్కతే, ఆమె ట్రినిడాడ్ టొబాగో అని. చదివి వినిపిస్తే నానీ, "అది బాగానే రాశాడు. ఆ మాట ముందు అనుంటే పోయేది కదా" అంది. అప్పట్లో ప్రతిపక్ష నాయకుడు రుద్రనాథ్ కాపిల్‌దియో, లండన్ యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు, రచయిత నైపాల్‌కి మేనమామ. ఒకవైపు చరిత్ర డాక్టరు, ఒకవైపు లెక్కల డాక్టరు. స్వాతంత్ర్యానికి ముందు లండన్‌లో రాజ్యాంగం మీద కూర్చున్నప్పుడు వీళ్లిద్దరూ రాజీ పడబట్టే దేశం తగలబడకుండా గట్టెక్కిందని పెద్దవాళ్లు చెప్పేవారు.

టాంటీ కూడా చివరిదాకా ఆయన భక్తురాలేం కాదు, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1970లో బ్లాక్ పవర్ ఉద్యమం, ఊరేగింపులన్నీ విలియమ్స్ ప్రభుత్వం మీదే. స్వాతంత్ర్యం వచ్చింది సరే, బ్యాంకులూ కంపెనీలూ ఇంకా తెల్లవాళ్ల చేతుల్లోనే ఎందుకున్నాయని. ఆయన పుస్తకంలోంచే నేర్చుకున్న ప్రశ్న ఆయన్నే అడిగారు. మార్చి 12న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి చెరకుతోటల మీదుగా నడిచారు, భారతీయులూ ఆఫ్రికన్లూ ఒకటవ్వాలని. టాంటీ ఆ నడకలో ఉంది, ఇరవై రెండేళ్ల పిల్ల. ఆ రోడ్డు పక్కనే నానీ అత్తవారిల్లు.

ఇది గోడ దగ్గర బయటపడింది. "మాకు దారిలో కొన్ని ఇళ్లవాళ్లు మంచినీళ్లిచ్చారు" అంది టాంటీ. "మేం ఇవ్వలేదు. మా అత్త తలుపులన్నీ వేసేసింది. నేను కిటికీ సందులోంచి చూశాను" అంది నానీ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టాంటీ, "ఆ ఇల్లు చూశానేమో, పచ్చ రంగు కిటికీలా?" అంటే నానీ, "మాకు రంగు వేయించే డబ్బెక్కడిది" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఏప్రిల్ 21న ఎమర్జెన్సీ పెట్టి నాయకుల్ని జైల్లో వేశాడు విలియమ్స్. టాంటీ వాళ్ల నాన్న, అదే పుస్తకం కొన్న మనిషి, కూతురితో చాలా కాలం మాట్లాడలేదట.

విలియమ్స్ మాత్రం గద్దె దిగలేదు. 1956 నుంచి 1981 మార్చి 29న పోయేదాకా పాతికేళ్లు ఆయనే. 1973లో తప్పుకుంటానన్నాడు, ఈలోపు చమురు ధర పెరిగి డబ్బు వచ్చిపడింది, ఉండిపోయాడు. నల్ల కళ్లద్దాలు, చెవికి మిషను, నోట్లో సిగరెట్టు. పార్లమెంటులో నచ్చనిది వినిపిస్తే మిషను కట్టేసేవాడని ఊరంతా చెప్పుకునేవారు. చివర్లో ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పోయిన రోజు ఏడ్చావా అని టాంటీని అడిగితే, "లేదు. రోజంతా బట్టలు ఇస్త్రీ చేశాను. ఇంట్లో ఇస్త్రీ చెయ్యని గుడ్డంటూ మిగల్లేదు" అంది.

మేమున్నప్పుడే, 1998 మార్చిలో, యూనివర్సిటీ లైబ్రరీలో ఆయన పుస్తకాలూ కాగితాలూ పెట్టి ఒక విభాగం తెరిచారు, అమెరికా నుంచి అక్కడి మాజీ సైన్యాధిపతి కాలిన్ పావెల్ వచ్చాడు. ఆ రోజు పోలీసులు, కార్లు. నేను తర్వాత వెళ్లాను, ఇద్దర్నీ వెంటబెట్టుకుని. నానీ రానంది, తర్వాత మంచి చీర కట్టుకుని వచ్చింది, అక్కడ వాళ్లు పెళ్లిళ్లకి తప్ప కట్టరు. ఆయన చదువుకునే గదిని ఉన్నదున్నట్టు మళ్లీ కట్టి పెట్టారు. బల్ల, కుర్చీ, గోడల నిండా పుస్తకాలు. టాంటీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నానీ లోపలికంటా తొంగి చూసి, అరల మీద దుమ్ము ఉందో లేదో చూస్తున్నట్టు చూసి, "ఇన్ని చదివాడా" అంది. మెచ్చుకుందో దెప్పిందో తెలీలేదు. తిరిగొస్తూ క్యురేప్ జంక్షన్‌లో డబుల్స్ తిన్నాం. పల్చటి గారెల్లాంటి రెండు బారాల మధ్య శనగలకూర పెట్టి కాగితంలో చుట్టిస్తారు, నిలబడే తినాలి, చేతులకంతా కారిపోతుంది. డబ్బులు నానీ ఇచ్చింది.

1999 ఆఖర్లో వచ్చేశాం. టాంటీ తన పుస్తకం ఇవ్వలేదు, అడగనూ లేదు. లైబ్రరీ పుస్తకానికి మాత్రం ఫొటోకాపీ తీయించుకుని తెచ్చుకున్నాను. అనకాపల్లిలో బైండింగు చేయించి, మండీకి వెళ్లి నాన్నకి చూపించాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. దిమ్మల మధ్య స్టూలు మీద కూర్చుని కథంతా తెలుగులో చెప్పాను, ఓడలు, లివర్‌పూల్, పంచదార, నష్టపరిహారం, మద్రాసు నుంచి వెళ్లిన మనవాళ్లు. ఆయన చిట్టా రాసుకుంటూనే విన్నాడు. అంతా అయ్యాక, కలం ఆపి అడిగాడు.

"మరి ఆ చెరుకు నరికినోళ్లకి కూలేటిచ్చేవోరమ్మా?"

"బానిసలకి ఏమీ లేదు నాన్నా. తర్వాత వెళ్లిన మనవాళ్లకి రోజుకి పాతిక సెంట్లు."

"పాతిక సెంట్లంటే మన లెక్కలో ఎంత? అప్పుడు బెల్లం ధరెంత, బియ్యం ధరెంత? అది తెలిస్తే కదా."

చూసి చెప్తానన్నాను. ఆయన మళ్లీ చిట్టాలో పడ్డాడు.